పొగ ఎటు పోతోందో చూసిన మనిషి

పోయిన నెల తవిటినాయుడు మా ఇంటికి వచ్చి నాకొక పని అప్పజెప్పాడు. అతని తమ్ముడి కూతురు హేమలత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు ఆ పిల్లకు నాలుగు మాటలు చెప్పాలట. నువ్వే చెప్పరాదా, నీకు తెలియనిదేముంది అన్నాను.

"నేను సెప్తే బయపడిపోద్ది సార్. మీరు రాయండి. కాయితం మీదుంటే మళ్లీ మళ్లీ సదువుకుంటాది."

ఈ రెండు ముక్కలు చెప్పడానికి అతను మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాడు. అతనలా ఆగడానికి కారణం నేను. అందుకే రాస్తున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా రసాయన ల్యాబుల్లో పనిచేశాను. మొదట విజయనగరంలో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా, తర్వాత శ్రీకాకుళం వెళ్లే హైవే పక్కన ఒక మందుల ఫ్యాక్టరీలో. ఎన్ని మెట్లు ఎక్కానో, ఎవరు నాకు అడ్డుపడ్డారో రాయను. అవి నాకే విసుగు. ఎక్కడెక్కడ తప్పు చేశానో రాస్తాను.

మరొక సంగతి ముందే చెప్పాలి. ఉద్యోగం పగటి పని. సాయంత్రాలూ ఆదివారాలూ నాకు వేరే పని ఉండేది. మూఢనమ్మకాల మీద సభలు పెట్టేవాళ్లం. చిల్లంగి, అంటే చేతబడి చేసిందని ఒక ముసలామెను చెట్టుకు కట్టిన ఊరికి వెళ్లి, ఆ చెట్టు కిందే నిలబడి మాట్లాడాను. రాళ్లు పడ్డాయి. ఆ పనికి ఈనాటికీ సిగ్గుపడను, ఓపిక ఉంటే మళ్లీ వెళతాను. సిగ్గుపడే పని ల్యాబులో చేశాను. తెల్లకోటు వేసుకుని, చదువుకున్నవాళ్ల మధ్య, పట్టపగలు.

నోటితో పీల్చిన రోజులు

కాలేజీ ల్యాబులో మాకు పైన ఒక పెద్దాయన ఉండేవారు. మేస్టారు అనేవాళ్లం. పిపెట్టు పట్టుకుంటే ఆయన చెయ్యి వణికేది కాదు. పిపెట్టు అంటే కొలతగీత ఉన్న సన్నని గాజు గొట్టం. దాని చివర రబ్బరు బల్బు తగిలించి ద్రవాన్ని పైకి తీయాలి. బల్బులు కొత్తవి, అట్టపెట్టెలో బీరువాలో ఉండేవి. ఎవరూ తీసేవారు కాదు. మేస్టారు నోటితో పీల్చేవారు, గీత దగ్గర నాలుకతో ఆపేవారు. బల్బు అడిగిన కుర్రవాడిని చూసి, నీకు పాలసీసా కూడా కావాలేమోరా అనేవారు. ఆ మాట తర్వాత ఇంకెవడు అడుగుతాడు?

నేనూ పీల్చాను. ఒకరోజు కాస్టిక్ సోడా ద్రావణం తీస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నాను. గొట్టం మొన ద్రవంలోంచి పైకి తేలిపోయింది. చూసుకోలేదు. పీల్చగానే గాలితో పాటు ద్రవమంతా ఒక్క ఉదుటున నోట్లోకి వచ్చింది. మొదట మంట లేదు. నాలుక సబ్బు ముక్కలా జారింది. మంట తర్వాత వచ్చింది. పది రోజులు చల్లని గంజి తప్ప ఏదీ గొంతు దిగలేదు.

ఇది జరిగాక బల్బు వాడానా? లేదు. నోరు మానగానే మళ్లీ పీల్చాను. పైగా ఆ గంజి రోజుల కథ కొత్తవాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను. మా వృత్తిలో మొదటి జబ్బు ఇదే. దెబ్బ తగిలితే దాన్నుంచి నేర్చుకోం, పతకంలా తగిలించుకు తిరుగుతాం. రిటైరయ్యేనాటికి మేస్టారి ముందుపళ్లు సగానికి అరిగి ఉన్నాయి. వయసనుకున్నాం. ఆసిడ్ ఆవిరి ఆ నోటిని రోజూ ఏం చేసిందో కెమిస్ట్రీ చెప్పే మాకెవరికీ తట్టలేదు.

"ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఏమైంది?" ప్రతి ల్యాబులోనూ ఈ మాట వింటారు. తాయెత్తు కట్టుకున్నవాడు అనేది అక్షరాలా ఇదే. కట్టుకున్నాను, ఏమీ కాలేదు కదా అంటాడు. సభల్లో వాడిని ఎండగట్టేవాడిని. నా నోట్లో ఉన్న గాజుగొట్టం కూడా తాయెత్తే అని అప్పట్లో నాకెవరైనా చెప్పి ఉంటే కొట్లాటకు దిగేవాడిని.

పొందూరు చీర

ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో తెల్లకోటు ఇంటికి తెచ్చేవాడిని. వారమంతా తొడిగిన కోటును సంచిలో కుక్కి తెస్తే, ఆదివారం మా ఆవిడ ఇంటిల్లిపాది బట్టలతో కలిపి నానబెట్టేది. కంపెనీలో లాండ్రీ ఉంది. అక్కడ ఇస్తే కోటు రెండు రోజులు ఆగాలి. కోటు లేకుండా కనిపించడం నాకు నామోషీగా ఉండేది.

ఒక ఆదివారం ఆవిడ తన పొందూరు నేత చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని నన్ను పిలిచింది. చీర కుచ్చిళ్ల మీద ఆవగింజలంత చిల్లులు. వెలుతురు చుక్కలు చుక్కలుగా వస్తోంది. నా కోటు మీద ఎక్కడో సల్ఫ్యూరిక్ ఆసిడ్ చిందింది. కోటు మీద కనిపించలేదు గానీ, ఉతికే బట్టల మూటలో ఆనుకుని ఉన్న చీర నూలును తినేసింది.

"దెయ్యం లేదు, బూతం లేదని ఊరూరా సెప్తారు కదా. మరి ఈ సీర ఎవలు కొరికినారు?"

ఆమె నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ఆసిడ్ నయం, చిల్లు పెట్టి చెప్పింది. చిల్లు పెట్టనివి ఎన్ని ఆ కోటుతో ఇంటికి వచ్చాయో? మేం తయారు చేసేది మందులు. వాటి పొడి కంటికి కనిపించనంత మెత్తగా ఉంటుంది, మోతాదు దాటితే విషమవుతుంది. ఆ కోటు పట్టుకున్న చేతులతోనే మా చంటిదాన్ని ఎన్నిసార్లు ఎత్తుకున్నానో లెక్క లేదు.

హేమలతా, కోటు ల్యాబులోనే విప్పు. అక్కడే వేలాడాలి, కంపెనీ లాండ్రీలోనే ఉతకాలి. జుట్టు ముడి వేసుకో, గోళ్లు తీసుకో. చున్నీ బయట పెట్టు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక చెయ్యి కడగమని చిన్నప్పుడు నేర్పారు. మన పనిలో వెళ్లే ముందు కూడా కడగాలి. ఎందుకో విప్పి చెప్పనక్కర్లేదు. ఇప్పటివాళ్లు గ్లౌజు చేతితోనే ఫోను తీసి, ఆ ఫోనునే చెంపకు ఆనిస్తారు. రసాయనాన్ని గ్లౌజుతో ముట్టుకుని ముఖానికి పూసుకునేవాడి కంటే, ఉత్త చేత్తో ముట్టుకుని వెంటనే కడుక్కునేవాడే తెలివైనవాడు.

నాలుగు గంటల బెల్లం

మా ల్యాబులో గాజుసామాను కడిగే ఆమె పేరు అప్పలనరసమ్మ. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. ఇంటి దగ్గర కొంచెం వరి, కొంచెం నువ్వులు పండేవి. భర్త ఆ పని చూసేవాడు, ఆమె ఫ్యాక్టరీకి వచ్చేది. చదువు లేదు. ఏ ఫ్లాస్కులో ఏముండేదో అడుగున మిగిలిన రంగును బట్టి చెప్పేసేది.

రోజూ నాలుగు గంటలకు కంపెనీ అందరికీ ఒక బెల్లం ముక్క ఇచ్చేది. బెల్లం తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయని నమ్మకం. మేనేజ్‌మెంటూ నమ్మింది, యూనియనూ నమ్మింది. తిన్నది వెళ్లే దారి వేరు, పీల్చింది వెళ్లే దారి వేరు అని నేను ఎప్పుడూ అనేవాడిని. అంటూనే నా వంతు ముక్క నేనూ తినేవాడిని. బెంచీ దగ్గర, అప్పటిదాకా సీసాలు పట్టుకున్న వేళ్లతో.

నరసమ్మ అలా తినేది కాదు. కోటు విప్పి, బయట సైకిల్ స్టాండు పక్కనున్న కుళాయికి వెళ్లి, మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు పెట్టి కడిగి, అక్కడే నిలబడి తినేది. ఎందుకంత దూరం అని ఒకసారి అడిగాను.

"అంట్లు తోముకున్న సేత్తో అన్నం తినం కదా బాబూ. ఇవీ అంట్లే కదా."

నాకది మడిలా కనిపించింది. మడీ మైలా మీద నాకున్న కోపం కొద్దీ, మనసులో ఆమెను ఆ గూటిలో పెట్టేశాను. ఆ గదిలో పరిశుభ్రత పాటించిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఆ మాట ఆమెతో ఒక్కరోజు కూడా అనలేదు.

ఆయుధపూజ నాడు

మా ల్యాబులో రెండు ఫ్యూమ్ హుడ్లు ఉండేవి. హుడ్డు అంటే ముందువైపు పైకీ కిందికీ జరిగే గాజుతలుపున్న పెద్ద అల్మరా లాంటిది. విషవాయువులు వచ్చే పని దాని లోపల చేస్తాం. మిద్దె మీద ఉన్న ఫ్యాను ఆ గాలిని గొట్టం గుండా లాగి బయట పారేస్తుంది. ల్యాబులో మన ఊపిరికి అదే కాపలా.

ఆ ఏడు దసరాకి కంపెనీలో ఆయుధపూజ చేశారు. మంటంటుకునే రసాయనాల సీసాలన్నీ ముందురోజే స్టోరులోకి పంపించాం. అది నేనే దగ్గరుండి చేయించాను. త్రాసులకూ యంత్రాలకూ పసుపు కుంకుమ పెట్టారు. నేను దూరంగా కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. అగరుబత్తుల పొగ గదిలో కమ్ముకోకుండా, కిటికీ పక్క హుడ్డులో పెట్టి స్విచ్చి వేసింది నరసమ్మ. పొగ పైకి పోతుందని ఆమె లెక్క. మంచి లెక్కే.

కాసేపటికి నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఓపాలి సూడండి. పొగ పైకి ఎల్నేదు. నా మొకం మీదికి వస్తంది."

గదిలో పదిమంది ఉన్నారు. అందరి చేతుల్లో కొబ్బరిముక్కలు. నాకు సభ దొరికింది. పేపరు మడిచి, అందరికీ వినపడేలా అన్నాను:

"దేవుడికి నీ మీద కోపమొచ్చిందేమో నరసమ్మా. నీ పొగ నాకొద్దని తిప్పి పంపిస్తున్నాడు."

అందరూ నవ్వారు. ముందు నవ్వినవాడు తవిటినాయుడు. అప్పుడతనికి పాతికేళ్లుంటాయి. సాలూరు కుర్రవాడు, లారీ డ్రైవరు కొడుకు, వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. నేను సభల్లో మాట్లాడేది వినడానికి బస్సెక్కి వచ్చేవాడు. నేనంటే అతనికంత గురి. నరసమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. అగరుబత్తులు తీసి నీళ్లలో ముంచి ఆర్పి వెళ్లిపోయింది.

అప్పటికి నా వయసు యాభై. ఒక మనిషి నా దగ్గరికి వచ్చి తను కంటితో చూసినది చూసినట్టు చెప్పింది. అంతకు మించి సైన్సు అంటూ ఏమీ లేదు. లేచి పది అడుగులు వేసి చూస్తే సరిపోయేది. కానీ నా కంటికి అగరుబత్తి కనిపించింది, పొగ కనిపించలేదు.

బ్రోమిన్ సీసా

పండగ సెలవు గడిచిన మర్నాడు ఉదయం తవిటినాయుడు ఆ కిటికీ పక్క హుడ్డులోనే బ్రోమిన్‌తో పని మొదలుపెట్టాడు. బ్రోమిన్ ముదురు ఎరుపు ద్రవం. మూత తీస్తే చాలు, గోధుమరంగు ఆవిరి లేస్తుంది. దాన్ని హుడ్డులోనే తెరవాలి. అతను చేయవలసినవన్నీ చేశాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు, మందపాటి గ్లౌజులు తొడిగాడు, స్విచ్చి వేశాడు, గాజుతలుపు ఎంత దించాలో అంత దించి చేతులు మాత్రం లోపల పెట్టాడు. పైన మోటారు రొద వినిపిస్తోంది.

మూత తీశాడు. ఆవిరి పైకి పోలేదు, తలుపు కింద సందులోంచి తిన్నగా అతని ముఖం మీదికి వచ్చింది. ఆ సమయానికి అతను ఊపిరి లోపలికి తీసుకుంటున్నాడు.

దగ్గుతూనే సీసాకు మూత బిగించాడు. మిగతావాళ్లు పీల్చకూడదని. ఆ తర్వాతే బయటికి పరుగెత్తాడు. ముఖం కడిగించి, చెట్టు కింద గాలికి కూర్చోబెట్టాం. అరగంటకు దగ్గు తగ్గింది. పర్లేదు సార్ అన్నాడు. ఎవరో స్టోరులోంచి బెల్లం తెచ్చి పెడితే తిన్నాడు. పక్కనే నిలబడి చూశాను. తింటున్నాడు, మాట్లాడుతున్నాడు, ఇక బాగానే ఉన్నాడని నేనూ నమ్మాను. నేను బెల్లాన్ని నమ్మింది ఆ ఒక్కరోజే.

మధ్యాహ్నం మూడింటికి అతను ఒక వాక్యం పూర్తి చేయలేకపోయాడు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. జీపులో విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇలాంటి వాయువు పీల్చాక మొదట బాగున్నట్టే ఉంటుందని, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు చెప్పాడు. పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదని అడిగాడు. హేమలతా, పీల్చినవాడు పర్లేదన్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఏ సీసా తెరిచాడో ఆ పేరు కాగితం మీద రాసి డాక్టరు చేతిలో పెట్టు. బాధ్యత అంతా అయ్యాక సంజాయిషీ ఇవ్వడంలో లేదు, ఆ మొదటి గంటలో ఉంది.

మిద్దె ఎక్కి చూసినవాళ్లు సంగతి చెప్పారు. మోటారు తిరుగుతోంది, ఫ్యాను తిరగడం లేదు. రెంటినీ కలిపే రబ్బరు బెల్టు తెగి కింద పడి ఉంది. పక్క హుడ్డు గదిలోని గాలిని లాగుతుంటే, ఈ చచ్చిన గొట్టంలోంచి బయటిగాలి కిందికి దిగి మనిషి ముఖం మీదికి వస్తోంది. నెలకోసారి హుడ్లు తనిఖీ చేసినట్టు ఒక రిజిస్టరు ఉంది. నెలనెలా అందులో సరిగా ఉందని రాసి ఉంది, కింద నా సంతకం ఉంది. ఆ తనిఖీ ఎలా చేసేవాడినో చెబుతాను. స్విచ్చి వేసి రొద వినేవాడిని. చెవితో విని చేత్తో సంతకం పెట్టేవాడిని.

మర్నాడు ఆసుపత్రి వరండాలో తవిటినాయుడి తండ్రి కలిశాడు. ఒడిశా లోడు మధ్యలో వదిలేసి వచ్చాడు. ఎలా జరిగిందని అడిగితే, స్విచ్చి వేసే ఉంది, మోటారు చప్పుడు కూడా వస్తోంది అని చెప్పాను. దానికి అతనన్నాడు:

"ఇంజిను సప్పుడు ఇనేసి బండి బాగుందనుకుంటే ఘాటీ దిగుతామా బాబూ? నేను సక్రం కింద నిమ్మకాయ పెడతాను. రాడ్డెట్టి ఒక్కో టైరూ కొట్టి కూడా సూస్తాను. నిమ్మకాయ పెట్టేసినాను కదా అని టైరు కొట్టడం ఏనాడూ మాన్నేదు."

ఆ నిమ్మకాయల మీద నేను ఎన్ని సభల్లో చెణుకులు విసిరానో తవిటినాయుడికి తెలుసు. అతని తండ్రి చేతిలో ఒక ఇనపరాడ్డు కూడా ఉంటుందని నాకు తెలియదు. తెలుసుకోవాలని అడగలేదు.

రెండు రిపోర్టులు

మూడో రోజు మేనేజరు నన్ను పిలిచి ఒక రిపోర్టు ముందు పెట్టాడు. ఉద్యోగి శ్వాసరక్షణ మాస్కు ధరించలేదని, అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. బెల్టు మాట లేదు. మాస్కు లేదన్నది నిజమే. హుడ్డు పనిచేస్తుంటే ఆ పనికి మాస్కు వేసుకొమ్మని మేమెప్పుడూ చెప్పలేదన్నదీ నిజమే. సగం నిజంతో ఒక కుర్రవాడి ఉద్యోగం తీసేయవచ్చు.

సంతకం పెట్టాను. భయపడి అనుకుంటారేమో, కాదు. సిగ్గు వల్ల పెట్టాను. బెల్టు సంగతి రాస్తే రిజిస్టరు బయటికి వస్తుంది. రిజిస్టరు వస్తే ఆయుధపూజ రోజు వస్తుంది. ఆ పదిమంది నవ్వూ వస్తుంది.

ఆ మధ్యాహ్నం సింకు దగ్గర నరసమ్మ నన్ను ఆపింది. చేతులు తుడుచుకుని అడిగింది.

"ఆ కాయితంలో నా మాట రాసినారా బాబూ?"

ఏ మాట? అన్నాను. తెలిసే అడిగాను.

"పొగ ఎనక్కి వస్తందని సెప్పినాను కదా. నా పేరెట్టి రాయండి. ఆ గుంటడు రేపు లేచి వస్తే పని ఉండాల కదా."

మీరు నవ్వినారు కదా అని ఆమె అనలేదు. ఆమె ఆ మాట అని ఉంటే బావుణ్ణు అని చాలా రోజులు అనుకున్నాను.

మర్నాడు రెండో రిపోర్టు నా చేత్తో రాశాను. బెల్టు తెగి ఉందని, తనిఖీ చేయకుండా సంతకాలు పెట్టింది నేనని, అప్పలనరసమ్మ అనే ఉద్యోగి ముందే హెచ్చరించిందని, నేను ఎగతాళి చేశానని, తవిటినాయుడి తప్పేమీ లేదని రాశాను. మేనేజరు రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు, కానీ తెలివైనవాడు. ఎక్కడ నొక్కాలో తెలుసు.

"మీరు నాస్తికులు కదండీ. అగరుబత్తి సాక్ష్యమని మీరే రాస్తే రేపు మీ సభల్లో ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతారు?"

"పొగ అగరుబత్తిదైనా, చుట్టదైనా గాలి ఎటుంటే అటే పోతుందండీ. ఆమె చెప్పింది నమ్మకం కాదు. నేను సంతకం పెట్టిందే నమ్మకం."

ఆ తర్వాత నాకేమైందన్నది ఇక్కడ అనవసరం. తవిటినాయుడి ఉద్యోగం నిలిచింది. నెలల తర్వాత తిరిగి వచ్చాడు. సగం ఊపిరితో వచ్చాడు. బెంచీ పని ఇక చేయలేడని డాక్టర్లు చెప్పడంతో రికార్డుల గదిలో వేశారు. వచ్చిన మొదటి రోజు సింకు దగ్గరికి వెళ్లి నరసమ్మతో చాలాసేపు మాట్లాడాడట. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు.

విజయనగరంలో తర్వాతి సభలో నా ప్రసంగం పక్కనపెట్టి ఇదంతా చెప్పాను. మనల్ని వ్యతిరేకించేవాళ్లకు ఆయుధం ఇస్తున్నారని ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు. పరీక్షించకుండా కొట్టిపారేయడం, పరీక్షించకుండా మొక్కడం ఒకటేనని జవాబిచ్చాను. అగరుబత్తికి మహిమ లేదని ఇప్పటికీ అంటాను. రసాయనాల మధ్య నిప్పు వెలిగించడం నేరమనీ అంటాను. కానీ చెప్పే మనిషి ఎవరన్నది చూసి చెప్పిన మాటకు విలువ కట్టేవాడు హేతువాది కాడు. వాడు మరో రకం పూజారి.

తను రిటైరయ్యే వరకు ప్రతి ఆయుధపూజకీ నరసమ్మ నన్ను పిలిచేది. "రండి బాబూ, పొగ సూద్దురు" అనేది. సీసాలన్నీ బయటికి పంపించి, రెండు హుడ్లూ వేసి, ఒక్కో దాని ముందు ఒక్కో అగరుబత్తి పట్టుకునేది. నేను పక్కన నిలబడి చూసేవాడిని. పొగ వంగి లోపలికి పోయేది. ఆమె దండం పెట్టుకునేది, నేను రిజిస్టరులో రాసుకునేవాడిని.

హేమలతకు

రోజూ పొగ అక్కర్లేదు. పలచటి కాగితం సన్నగా ఒక పీలిక చించి గాజుతలుపు కింది అంచుకు అంటించు. ఉదయం స్విచ్చి వేశాక దాన్ని చూడు. లోపలికి వంగితే పని మొదలుపెట్టు. కదలకుండా వేలాడితే, మోటారు ఎంత రొద పెట్టినా సరే, పై అధికారి తొందరపెట్టినా సరే, నాలాంటి చదువుకున్నవాడు ఎవడైనా నవ్వినా సరే, మొదలుపెట్టకు. కళ్లు కడిగే కుళాయి ఎక్కడుందో మొదటి రోజే చూసుకో, కళ్లు మూసుకుని అక్కడికి నడవగలవేమో ఒకసారి నడిచి చూడు. గాజుసామాను కడిగే మనిషి పేరు కూడా ఆ రోజే తెలుసుకో. ఆ మనిషి ఏదైనా చెప్పడానికి వస్తే లేచి నిలబడు, వెళ్లి చూడు.

ఈ కాగితాలు తీసుకెళ్లడానికి ఆదివారం మీ పెదనాన్న వస్తానన్నాడు. మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నేనే కిందికి దిగి ఇస్తానంటే ఎప్పుడూ ఒప్పుకోడు. మొదటి అంతస్తు మలుపు దగ్గర అతని అడుగుల చప్పుడు ఆగుతుంది. నేను తలుపు తీసి నిలబడతాను. అవి మళ్లీ మొదలయ్యేదాకా వింటాను.